ఆకుపచ్చ కారులో పక్క సీటు

మా మేనమామ గురించి ఎవరు చెప్పినా ఆయన చేతులతో మొదలుపెడతారు. గ్రీజు మరకలట, పగిలిన గోళ్ళట. మెకానిక్కు చేతికి గ్రీజు కాక అత్తరు అంటుతుందా? ఆ మాటలు వింటే నాకు ఒళ్ళు మండుతుంది. చెప్పాల్సింది ఆయన చెవుల గురించి. పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను నడుస్తున్న ఇంజను మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకుంటే చాలు, లోపల ఏ ముక్క అరిగిందో, ఏది ఇంకో ఆర్నెల్లు ఆగుతుందో చెప్పేసేవాడు. మనుషుల మాట మాత్రం ఆ చెవులకు ఎక్కేది కాదు. పెళ్ళి చేసుకోరా అని మా అమ్మ ఏళ్ళ తరబడి చెవినిల్లు కట్టుకుని పోరింది. "ఆదివారాలు ఖాళీ ఉండదక్కా" అన్నాడట. అదీ ఒక కారణమేనా!

కారణమే. ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

నేను కార్ల సీట్లు కుట్టేదాన్ని. కింద నా దుకాణం, పైన మామయ్య గది. ఆ గదిలో ఒక మంచం, ఒక కుర్చీ, ఒక కంచం, ఒక గ్లాసు. రెండో మనిషి వస్తే గ్లాసు కోసం కిందికి దిగాల్సిందే. కిటికీ గట్టు మీద మాత్రం తుడిచి పెట్టిన బోల్టులు, వాషర్లు, ఎప్పటివో ప్లగ్గులు వరసగా ఉండేవి. "ఇదేమన్నా ఇల్లా మామయ్యా, స్పేర్ పార్టుల కొట్టా?" అంటే, "తుప్పు పడతాయే, షెడ్డులో చెమ్మ" అనేవాడు. వాటికి చెమ్మ తగలకూడదు. ఈయనకు ఎన్ని జలుబులు చేసినా ఫరవాలేదు.

ఆయన పని చేసింది ఒక్కచోటే, ఇరవై ఆరేళ్ళు. యజమాని మిల్లుల ఆసామి. మేమంతా పెద్దాయన అనేవాళ్ళం. ఆయనకు పాత కార్ల పిచ్చి. ఇరవై మూడు కార్లు! కూర్చోవడానికి మనిషికి ఎన్ని సీట్లు కావాలో నాకు తెలీదు గానీ, అన్ని సీట్లు ఉండబట్టే నా కుట్టుమిషను ఆడింది కాబట్టి ఎక్కువ మాట్లాడను. పాతవి కొని ఊరికే దాచుకునే రకం కాదాయన. "నడవని కారు కారెట్లా అవుతుంది? బీరువా అవుతుంది" అనేవాడు.

అందుకే ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. శుక్రవారం ఇరవై మూడింటినీ స్టార్ట్ చేయాలి. ప్రతి కారునూ కాస్త ముందుకు తొయ్యాలి, లేకపోతే ఒకే చోట బరువు మోసి టైరు కింద పల్లమైపోతుంది. టైరు మీద సుద్దముక్కతో గీత గీసి, ఆ గీత ప్రతి వారం చక్రంలో పావు వంతు తిరిగిందా లేదా అని మామయ్య చూసుకునేవాడు. ఇక ఆదివారం పొద్దున ఒక కారు రోడ్డెక్కేది. నడిపేది పెద్దాయన. పక్క సీటులో మామయ్య. వెనక సీటు ఉన్నా మూడో మనిషికి చోటు లేదు.

ఎక్కువ ఆదివారాలు ఆకుపచ్చ కారే. అది కొన్నప్పుడు నేను చూశాను. ఎవరి దొడ్లోనో వానకు తడిసి తడిసి, ముందు సీట్లో కోళ్ళు గుడ్లు పెడుతూ ఉండేవి. దాన్ని మనిషిని చేయడానికి మామయ్యకు పదకొండేళ్ళు పట్టింది. దాని సీట్లు నేనే కుట్టాను, ముదురు గోధుమ రంగు తోలు, పక్క సీటు అంచు మాత్రం రెండుసార్లు ఊడదీసి మళ్ళీ కుట్టాను. మామయ్య దాన్ని పెద్దమ్మాయి అనేవాడు. సొంత మేనకోడల్ని నన్ను ఒక్కరోజు కూడా అమ్మాయి అని పిలవలేదు, అది వేరే విషయం.

పెద్దాయనకు చెవుడు. చిన్నప్పటి నుంచీ మిల్లు చప్పుడులో పెరిగి కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవి కాస్తో కూస్తో పనిచేసేది. చెవి మిషను పెట్టుకోమంటే తీసి జేబులో వేసుకునేవాడు. ఎదురుగా నిలబడి ఎంత అరిచినా తల ఊపడమే తప్ప ఏమీ అందేది కాదు. కారులో స్టీరింగు ముందు కూర్చుంటే మాత్రం పక్క సీటు ఆయన ఎడమ చెవి వైపు ఉంటుంది. మామయ్య కాస్త వంగి, గొంతు పెంచి చెబితే ప్రతి మాటా అందేది. ఆదివారం పొద్దున ఆ రెండు గంటలే పెద్దాయన ఒక మనిషితో నిజంగా మాట్లాడిన రెండు గంటలు. మా మామయ్యకూ అంతే. "ఏం మాట్లాడుకుంటారు?" అని అడిగాను ఒకసారి. "బండి గురించే" అన్నాడు. ఇరవై ఆరేళ్ళు బండి గురించే! నమ్మమంటారా?

పెద్దాయనకు డెబ్భై ఎనిమిదో ఏట ఒక ఆదివారం వెనక వస్తున్న లారీ హారను వినపడలేదు. ఆ రోజు తీసిన తెల్ల కారు పక్కకు జారి రోడ్డు మధ్య గోడకు గుద్దుకుంది. ఇద్దరికీ గీత కూడా పడలేదు. కారు ముందు దీపం అద్దం మాత్రం పగిలింది. ఆ వారమే ఆయన కూతురు షెడ్డుకు వచ్చింది. నేను అప్పుడు అక్కడే, ఒక సీటు కింద దూరి స్ప్రింగులు కడుతున్నాను. 

"మేస్త్రీ, ఆ అద్దం దొరికిందా?" అంది.

"వెతుకుతున్నానమ్మా."

"దొరకదు. అది చేసిన కంపెనీయే లేదు. ఇవాళ అద్దం పోయింది. రేపు నాన్నగారు పోతే ఎక్కడ వెతుకుతారు?"

మామయ్య పక్కనున్న కారు బానెట్ మీద చెయ్యి పెట్టాడు. "నిలబెట్టేస్తే ఇవి చచ్చిపోతాయమ్మా" అన్నాడు.

"నడిపితే అరిగిపోతాయి. అద్దాల హాలు కట్టిద్దాం, పదిమందీ వచ్చి చూస్తారు. ఇప్పుడెవరు చూస్తున్నారు వీటిని? మీరిద్దరూ తప్ప?" అంది. ఆ చివరి మాట దగ్గర గొంతు మారింది. నేను సీటు కిందే ఉండిపోయాను. తర్వాత మెల్లగా, "చిన్నప్పుడు ప్రతి ఆదివారం నేను కిటికీ దగ్గర నిలబడేదాన్ని మేస్త్రీ. నాన్నగారు నన్నొక్కసారి ఎక్కించుకోలేదు. ఆ సీటు ఎప్పుడూ మీదే" అంది.

అప్పటిదాకా నేను ఆవిడ మీద పళ్ళు నూరుతున్నాను. ఆ మాటతో నా కోపం ఎటు పెట్టుకోవాలో తెలియలేదు.

పెద్దాయన కుర్చీలో కూర్చుని ఇద్దరి పెదాలూ చూస్తున్నాడు. "ఏమంటోంది?" అన్నాడు. మామయ్య వంగి ఎడమ చెవిలో చెప్పాడు. "కార్లన్నీ బొమ్మల్లాగా నిలబెడదామంటున్నారయ్యా." ఆయన ఏదో ఒకటి అంటాడని, కుదరదంటాడని మామయ్య ఆశ. పెద్దాయన కూతురి మొహం వంక చాలాసేపు చూశాడు. "దాని భయం దానిది. కానివ్వండి" అన్నాడు.

అంతే. ఇరవై ఆరేళ్ళ తర్వాత "కానివ్వండి". మామయ్య ఆరోజు అన్నం ముట్టలేదు. నేను అడిగితే, "ఏముందే, బండ్లు ఆయనవి" అన్నాడు. ఆయన మొహం మాత్రం చూడలేకపోయాను.

హాలు కట్టేలోపు ఇరవై మూడు కార్లనూ ప్రదర్శనకు సిద్ధం చేయడం మామయ్య చివరి పని. పెట్రోలు తీసేయాలి, ఇంజను ఆయిలు తీసేయాలి, బ్యాటరీ తీసేయాలి. తెల్లటి నేల మీద చుక్క పడకూడదు. అదయ్యాక ఆయనకు శాలువా కప్పి, ఫొటో తీసి, ఇంటికి పంపారు. ఆ శాలువా తెచ్చి నా కుట్టుమిషను మీద కప్పి పైకెక్కిపోయాడు.

ఏడాదిన్నర గడిచింది. మామయ్య పొద్దస్తమానం గదిలోనే. బోల్టులు తుడవడం, మళ్ళీ అక్కడే పెట్టడం. నా దుకాణం ముందు ఏ బండి ఆగినా పై నుంచి దగ్గు వినిపించేది, అంటే చెవి ఇటే ఉందన్నమాట. ఆదివారం పొద్దున మాత్రం కిందికి దిగి, చొక్కా మార్చుకుని, నా స్టూలు మీద కూర్చుని రోడ్డు వంక చూసేవాడు. "ఎక్కడికైనా పోదామా మామయ్యా?" అంటే, "ఎక్కడికే?" అనేవాడు. నాకు ఏడుపొచ్చేది, దాని వెంటే కోపమొచ్చేది. కోపమైతేనే నాకు చేతనవుతుంది కాబట్టి ఆయన మీదే అరిచేదాన్ని.

శుక్రవారాలు హాలుకు పోయేవాడు, అందరితో పాటు వరసలో నిలబడి. ఒకసారి నేనూ వెళ్ళాను. ఆకుపచ్చ కారు మధ్యలో గుండ్రటి దిమ్మె మీద మిలమిల్లాడుతోంది. చుట్టూ ఎర్రటి తాడు. నిజం చెప్పొద్దూ, అందంగానే ఉంది. జనం ముచ్చటపడుతున్నారు. ఒకావిడ నా సీట్లు చూసి "ఎంత బాగా కుట్టారో" అంది, నేను ఒక అంగుళం పొడుగయ్యాను. మామయ్య మాత్రం వంగి టైరు చూస్తున్నాడు. సుద్దగీత నేల దగ్గరే ఉంది, ఏడాదిగా కదల్లేదు. కొత్త వాచ్‌మన్ వచ్చి, "తాతగారూ, తాడు దాటకండి. అవి చాలా విలువైనవి" అన్నాడు. నేను నోరు తెరవబోతే మామయ్య నా మోచెయ్యి పట్టుకున్నాడు. "వాడి పని వాడు చేస్తున్నాడు, రా" అన్నాడు.

ఒక గురువారం ఆ కూతురు నా దుకాణానికి ఫోను చేసింది. పెద్దాయన గుండె బాగా నీరసించిందట. డాక్టర్లు ఎక్కువ రోజులు చెప్పడం లేదట. ఆయన ఒక్కటే అడుగుతున్నాడట, ఆకుపచ్చ కారులో ఒక్కసారి. "ఆదివారానికి రెడీ చేయగలరా, మేస్త్రిని అడుగు. నేను ఏమన్నా మనసులో పెట్టుకోవద్దని చెప్పు" అంది. నేను మెట్లు రెండేసి ఎక్కుతూ పరుగెత్తాను. మామయ్య ఎగిరి గంతేస్తాడనుకున్నాను.

ఆయన మంచం మీద కూలబడ్డాడు.

"ఏమైంది? బండి చచ్చిపోతుంది చచ్చిపోతుంది అన్నావుగా, ఇదిగో బతికించు!" అన్నాను.

అప్పుడు చెప్పాడు. ఇంజనును ఎక్కువ రోజులు నిలబెట్టేటప్పుడు, ఆయిలు తీసేశాక, ప్లగ్గులు విప్పి ఆ కన్నాల్లోంచి ఒక్కో సిలిండరులో రెండు చెంచాల నూనె పోయాలి. పోయకపోతే లోపల చెమ్మకు తుప్పు పట్టి పిస్టను రింగులు గోడలకు అతుక్కుపోతాయి. ఇంజను పట్టేస్తుంది, అంటే ఇక తిరగదు. ఇది ఏ పుస్తకంలోనూ, కార్లను సిద్ధం చేయమని ఆ కూతురు రాసిచ్చిన కాయితంలోనూ లేదు. మెకానిక్కు తెలుసంతే. ఇరవై రెండు కార్లకు పోశాడు. ఆఖరున ఆకుపచ్చ కారు దగ్గరకొచ్చాడు.

"నూనె డబ్బా చేతిలోనే ఉందే. ఆయన 'కానివ్వండి' అన్నది చెవిలో మోగుతోంది. బొమ్మ కావాలన్నారుగా, బొమ్మనే తీసుకోండి అనుకున్నా. ప్లగ్గులు బిగించేసి డబ్బా మూత పెట్టేశా." 

"పెద్దమ్మాయికా మామయ్యా? ఆ కోపం దాని మీద చూపించావా?"

"ఇంకెవరి మీద చూపించనే?" అన్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు నేను అప్పుడే చూశాను.

శుక్రవారం వెళ్ళి కారు ముందు వైపు, ఇంజను తిప్పే ఇనప హ్యాండిలు పెట్టి తిప్పబోయాడు. వెంట్రుక వాసి కదల్లేదు. కన్నాల్లో కిరసనాయిలు, నూనె కలిపి పోశాడు. శనివారమంతా కాలుగాలిన పిల్లిలా దాని చుట్టూ తిరిగాడు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం హ్యాండిలు పట్టుకుని మెల్లగా బలం చూశాడు. బలవంతం చేస్తే లోపల విరుగుతుంది. వారాలు నానాలి. మనకున్నది రెండు రోజులు.

ఆదివారం పొద్దున పెద్దాయనను తీసుకొచ్చారు. నీలం టోపీ, నడిపేటప్పుడు పెట్టుకునే తోలు గ్లవ్సులు. మనిషి సగమైపోయాడు. కారును చూసి నవ్వాడు. మామయ్య ఆ కూతురిని పక్కకు పిలిచి, "అమ్మా, కారు కదులుతుంది. ఇంజను నడవదు. తప్పు నాదే, తర్వాత ఎన్నైనా తిట్టండి. దిమ్మెకు వాలుగా చెక్కలు వేశాను, అక్కణ్ణుంచి గేటు దాకా వాలే కదా, గేటు నుంచి తోటలో చుట్టూ తిరిగి వచ్చే దారి మేం తోస్తాం. ఆయనకు చప్పుడు ఎట్లాగూ వినపడదు" అన్నాడు. ఆవిడ మామయ్య వంక చూసింది, తండ్రి వంక చూసింది. తాడు తనే విప్పింది.

పెద్దాయన స్టీరింగు ముందు కూర్చుని పక్క సీటు మీద తట్టాడు. "ఎక్కు మేస్త్రీ."

ఆ మాట కోసం మామయ్య ఏడాదిన్నర ఎదురుచూశాడు. ఎక్కి, ఎడమ చెవిలో ఆ నూనె సంగతి చెప్పేసి, కాళ్ళు పట్టుకుందామనుకున్నాడు. కానీ ఎక్కితే తోసేదెవరు? నేనూ ఆ వాచ్‌మనూ చాలం. మామయ్య పక్క తలుపు తీసి కూతురి వైపు తిరిగాడు. "కూర్చోండమ్మా" అన్నాడు. ఆవిడ ఎక్కింది. మామయ్య మెత్తగా తలుపు వేసి వెనక్కొచ్చి, డిక్కీకి రెండు చేతులూ ఆనించాడు.

కారు కదిలింది. వాలు దిగుతుంటే మేము ఊరికే వెంట నడిచాం. గేటు దగ్గర నుంచి తోయాల్సి వచ్చింది. నా చెప్పు తెగింది, వాచ్‌మన్ టోపీ ఊడిపడింది, "ఇంత బరువేంట్రా దేవుడా" అని వాడు ఒకటే గొణుగుడు. ఉన్నట్టుండి మామయ్య మొహం పాలిపోయింది. "గేరు! గేరు సంగతి మర్చిపోయానే!" అన్నాడు. ఇంజను పట్టేసిన బండిని న్యూట్రల్‌లోనే తోయగలం. పెద్దాయన అలవాటు కొద్దీ గేరు వేశాడా, వెనక చక్రాలు ఒక్కసారిగా పట్టేసి బండి రోడ్డు మీద బిగుసుకుపోతుంది. యాభై ఏళ్ళు నడిపిన మనిషి కదిలే బండిలో గేరు మార్చకుండా ఉంటాడా? వెనక అద్దంలోంచి మాకు ఆయన చెయ్యి కనిపిస్తోంది. గ్లవ్సు వేసుకున్న చెయ్యి గేరు కర్ర మీదే ఉంది.

తోటంతా తిరిగాం. మలుపుల్లో స్టీరింగు తిప్పాడు, ఎండుటాకుల కుప్ప దగ్గర బ్రేకు నొక్కాడు. గేరు కర్ర మీద చెయ్యి మాత్రం ఒక్కసారి కూడా కదల్లేదు.

మామయ్య తోయడం ఆపి నిలబడిపోయాడు. నేను అడిగాను, ఏమైందని. "ఆయనకు తెలుసే" అన్నాడు. "ఎక్కినప్పుడే తెలిసిపోయింది, కాళ్ళ కింద ఇంజను అదురు లేదుగా. మనం తోస్తున్నామని తెలిసే కూర్చున్నాడు."

దిగేటప్పుడు పెద్దాయన ఆయాసపడుతూ మామయ్య భుజం పట్టుకున్నాడు. "భలే మెత్తగా నడిచింది మేస్త్రీ" అన్నాడు. తర్వాత, "వచ్చేసారి నువ్వు పక్కన కూర్చోవాలి" అన్నాడు. మామయ్య తల ఊపాడు. అందరి ముందూ చెవిలో అరిచి చెప్పే సంగతి కాదది. ఇంజను విడిపించాక, పక్కన కూర్చుని చెబుదామనుకున్నాడు.

ఇంజను విడిపిస్తానంటే ఆ కూతురు ఒప్పుకుంది. తాడు లోపల తెల్లటి నేల మీద దుప్పటి పరిచి, జనం చూస్తుండగానే మామయ్య రోజూ పని చేశాడు. నూనె పోయడం, నానబెట్టడం, హ్యాండిలు మీద బలం చూడడం. ఎవరైనా అడిగితే వాచ్‌మనే చెప్పేవాడు, "మా మేస్త్రి. తాడు దాటకండి" అని. నాలుగో వారం శనివారం పొద్దున పెద్దాయన నిద్రలోనే పోయాడు. మామయ్య ఆ సాయంత్రం కూడా నూనె పోశాడు. నేను ఆపలేదు. ఏమని ఆపను?

ఏడో వారంలో హ్యాండిలు కదిలింది. ముందు వేలెడు, తర్వాత జానెడు, తర్వాత గుండ్రంగా. ఆయిలు పోసి, పెట్రోలు పోసి, బ్యాటరీ పెట్టి, హాలు మూసి ఉండే సోమవారం పొద్దున స్టార్ట్ చేశాడు. నేను వెనక సీటులో ఊడిన కుట్టు బిగిస్తున్నాను. రెండుసార్లు దగ్గి, నల్లటి పొగ వదిలి, ఆకుపచ్చ కారు నడిచింది. హాలంతా అద్దాలు వణికాయి. ఆ కూతురు పరుగెత్తుకొచ్చి మొహం చేతుల్లో దాచుకుంది. "రోడ్డు మీదికి తీసుకుపొండి మేస్త్రీ, నేను చెబుతున్నాను" అంది.

"నడిపేవాళ్ళు లేరు కదమ్మా" అన్నాడు.

"మీకు రాదా ఏంటి?"

"బండి నడపడం వచ్చమ్మా. ఆ సీట్లో కూర్చోవడం రాదు."

ఆవిడ వెళ్ళిపోయింది. మామయ్య చేతులు తుడుచుకుని, చొక్కా గుండీలు సరిచేసుకుని, చుట్టూ తిరిగి వచ్చి పక్క సీటులో కూర్చున్నాడు. నేను వెనక ఉన్నానన్న సంగతి మర్చిపోయాడో, ఉన్నా ఫరవాలేదనుకున్నాడో తెలీదు. కాసేపు ఊరికే ఇంజను విన్నాడు. తర్వాత స్టీరింగు వైపు కాస్త వంగి, పెద్దాయన ఎడమ చెవి ఉండే చోటికి మొహం పెట్టి, ఇంజను మోతను మించి గొంతు పెంచాడు.

"అయ్యా, దీనికి నూనె పోయలేదు. కావాలనే పోయలేదయ్యా. మీ మీద కోపంతో."

ఎప్పుడూ జవాబు కోసం ఆగినట్టే ఆగాడు. నేను సూది పట్టుకున్న చెయ్యి కదపలేదు. ఇంజను చక్కగా, ఎక్కడా తడబడకుండా నడుస్తోంది. చాలాసేపటికి మామయ్య చెయ్యి చాచి ఆపేశాడు.